అడ్రినల్ లోపం: జ్వరమొస్తే మాత్ర ఆపకూడదు, పెంచాలి

అపోహ: స్టెరాయిడే కదా, ఒంట్లో బాగుంటే మానేయొచ్చు.

వాస్తవం: మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తయారు చేయలేని కార్టిసాల్ అనే హార్మోన్‌నే ఇక్కడ హైడ్రోకార్టిసోన్ మాత్రగా మింగుతున్నారు. పెద్దలకు ఇది రోజుకు 15–25 మి.గ్రా., రెండు మూడు విడతలుగా. పెద్ద భాగం నిద్ర లేవగానే. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం మోతాదు మించినప్పటి మాట.

అపోహ: నీరసానికి బొండం తాగితే సరి.

వాస్తవం: కోనసీమలో ఈ మాట అనని ఇల్లుండదు. మామూలు మనిషికి మంచిదే. గ్రంథులే దెబ్బతిన్నవారిలో (అడిసన్ జబ్బు) ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోన్ కూడా తగ్గి ఉప్పు మూత్రంలో పోతుంది, పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. బొండం నీళ్లలో ఎక్కువగా ఉన్నది ఆ పొటాషియమే, సోడియం కొద్దిగానే. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. వీరికి కావలసింది ఆల్డోస్టిరాన్ పని చేసే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర, సాధారణంగా రోజుకు 50–100 మైక్రోగ్రాములు, ఉప్పు తగ్గించని తిండి. రోహిణి కార్తె ఎండల్లో చెమటోడ్చేవారికి ఉప్పు మజ్జిగ. ఎండల్లో ఫ్లూడ్రోకార్టిసోన్ పెంచాలా అన్నది డాక్టరు తేల్చాలి.

జబ్బు ఇంకా తేలని మనిషి ఆవకాయ ఊట వేలితో నాకుతుంటే జిహ్వచాపల్యం అనుకోకండి, పోయిన ఉప్పు కోసం ఒళ్లు అడుగుతుండొచ్చు. ఒళ్లు నల్లబడటమూ ఈ జబ్బు గుర్తే, చేలో ఎండకు నల్లబడ్డాడనీ అనుకోకండి. అరచేతి గీతలు, చిగుళ్లు ఎండకు నల్లబడవు.

అపోహ: ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు, మనకెందుకు?

వాస్తవం: మోకాళ్ల నొప్పులకు పొట్లాల్లో కట్టిచ్చే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగి ఒక్కసారి ఆపితే ఇదే స్థితి. క్షయ వల్లా రావచ్చు. వరిచేలో రక్తపింజరి కాటు నుంచి బతికినవారిలో, కాన్పులో బాగా రక్తం పోయినవారిలో అడ్రినల్ గ్రంథులను నడిపించే పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) దెబ్బతిని రావచ్చు. వారికి కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదకొస్తుంది.

అపోహ: జ్వరంలో స్టెరాయిడ్ వేసుకోకూడదు.

వాస్తవం: మనిషిని పోగొట్టుకునేది ఇక్కడే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102.2 దాటితే మూడింతలు, తగ్గేదాకా. మాత్ర వేసుకున్న అరగంటలో వాంతయితే మళ్లీ వేసుకోవాలి. అదీ నిలవకపోతే ఇంజెక్షనే: 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ పొడిలో 2 మి.లీ. ఇంజెక్షన్ నీళ్లు (స్టెరైల్ వాటర్) కలిపి, తేటపడ్డాక, తొడ బయటివైపు మధ్యలో కండకు పొడవాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే; అక్కడ తొలి గంటలోనే లీటరు సెలైన్ ఎక్కిస్తారు. లంక గ్రామాల వారు గోదావరికి వరద రాకముందే పొడి సీసా, నీళ్ల సీసా, సిరంజి, సూదులు, పొడవడం నేర్చిన ఇద్దరు మనుషులు ఇంట్లో ఉండేలా చూసుకోవాలి.