ఎంపీ గారికి అర్జీ: బడ్జెట్ కోతల వేళ నేను విన్న అపోహలు

ఉపాధి హామీ కూలీలకు అర్జీలు రాసిపెట్టడం నా పని. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఆ పథకానికి 60 వేల కోట్లే కేటాయించింది. అంతకుముందు ఏడాదికి సవరించిన అంచనా, అంటే ఏడాది నడుస్తుండగా మార్చిన లెక్క, 89,400 కోట్లు. "ఎంపీ గారి దగ్గరికి పోదాం పదండి" అంటే ఊళ్లో తలా ఒక మాట అన్నారు.

అపోహ: ఫిబ్రవరి 1నే బడ్జెట్ అయిపోయిందిగా, ఇంకేం అడుగుతాం?

వాస్తవం: ఆ రోజు ప్రవేశపెట్టడమే. తర్వాత సభ విరామంలో ఒక్కో శాఖ పద్దును, అంటే ఆ శాఖ ఖర్చుకు అడిగే మొత్తాన్ని, పార్లమెంటు స్థాయీ సంఘాలు పరిశీలిస్తాయి. సంఘానికి 31 మంది ఎంపీలు. ఓటింగ్ ఆ తర్వాతే. మీ ఎంపీ గ్రామీణాభివృద్ధి సంఘంలో ఉన్నారేమో ముందు కనుక్కోండి.

అపోహ: ఎంపీ గట్టిగా పట్టుబడితే సభలో డబ్బు పెంచుతారు.

వాస్తవం: రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ పద్దును ఆమోదించొచ్చు, తిరస్కరించొచ్చు, తగ్గించొచ్చు. రూపాయి కూడా పెంచలేదు. అందుకే ఫిర్యాదు ఏదైనా సరే, ఎంపీ "ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించండి" అని కోత తీర్మానం ఇస్తారు. ఈ సంగతి చెబితే కూలీలు ఒకటే నవ్వు. "ఉన్నదే కోశారు, మళ్లీ వంద కోయమంటాడా!" ఆ వంద ఒక సాకు, మాట్లాడే వీలు కోసం. అదీ దొరక్కపోవచ్చు. 2023 మార్చి 23న గందరగోళం మధ్య పద్దులన్నీ చర్చ లేకుండానే గిలెటిన్ అయిపోయాయి, అంటే కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేశారు. అందుకే నేను ఎంపీ చేత సభలో ప్రశ్న అడిగించమంటాను. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కానీ ప్రశ్నను అనుమతిస్తే, సభలో ఎంత గోల జరిగినా రాతపూర్వక జవాబు వస్తుంది.

అపోహ: సంతకాలు ఎన్ని ఎక్కువైతే అంత బలం.

వాస్తవం: మేమూ అలాగే తొమ్మిది పేజీల సంతకాలు పట్టుకెళ్లాం. ఎంపీ గారి పీఏ తీసుకుని పెళ్లిపత్రికల కట్ట మీద పెట్టేశారు. రెండోసారి ఒక్కటే కాగితం: పంచాయతీ పేరు, జాబ్ కార్డులు ఎన్ని, ఏ వారం మస్టర్‌కు (హాజరు పట్టీకి) కూలి పడలేదు. కింద అడగాల్సిన ప్రశ్న. "ఉపాధి హామీ చట్టం ప్రకారం 15 రోజుల్లో కూలి పడాలి, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి, మా జిల్లాలో అది ఎంత బాకీ?" ఈసారి పీఏ గారు చదివి, పెన్ను తీసి, "ఈ మస్టర్ నంబరు చివర ఒకటా, ఏడా?" అన్నారు.

అపోహ: ఇంగ్లీషులో రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. నంబర్లు మాత్రం కొట్టివేతలు లేకుండా రాయండి.

అపోహ: మన అర్జీ వల్లే నిధులు పెరిగాయి.

వాస్తవం: ఆ ఏడాది సవరించిన అంచనా 86 వేల కోట్లకు చేరిన మాట నిజమే. మా కాగితం వల్లే అంటే మాత్రం నేనే ఒప్పుకోను. అప్పట్లో అది పని అడిగితే ఇచ్చి తీరాల్సిన పథకం. డబ్బు చాలకపోతే ఏడాది మధ్యలో అదనపు డబ్బు కోసం సభలో అనుబంధ పద్దులు పెట్టక తప్పేది కాదు. ఆ పద్దులు వచ్చే పార్లమెంటు సమావేశాలకు నెల ముందు అదే కాగితం, మస్టర్ వివరాలు మార్చి, మళ్లీ పట్టుకెళ్లాం.