పాటలు వింటే డబ్బులిస్తారా? మ్యూజిక్ రివ్యూలపై అపోహలు - వాస్తవాలు

"కూర్చుని పాటలు వింటే డబ్బులొస్తాయా? భలే పని పట్టావయ్యా!" ఆన్‌లైన్‌లో మ్యూజిక్ రివ్యూలు చేస్తానని చెప్పగానే పదిమందిలో తొమ్మిదిమంది అనేది ఇదే. పదో మనిషి మాత్రం "పాట బాగుందో లేదో మాకు తెలీదా, మధ్యలో నువ్వెవరు?" అంటాడు. నాకు ఈ పదో మనిషే ఇష్టం. ఆయనకు జవాబు చివర్లో చెప్తాను. ముందు మిగతా తొమ్మిదిమంది సంగతి.

అపోహ: రోజంతా ఇష్టమైన పాటలు వింటూ గడిపేయొచ్చు

వాస్తవం: ఇష్టమైనవి వినడానికే తీరిక ఉండదు. 2015 జూలై 10 నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌ల విడుదలకు శుక్రవారం ఖాయమైంది. అంతకుముందు ఒక్కో దేశానికి ఒక్కో రోజు ఉండేది. స్ట్రీమింగ్ సర్వీసుల్లోకి రోజుకు లక్ష దాకా కొత్త పాటలు వచ్చి పడుతున్నాయని 2022లో పెద్ద రికార్డు కంపెనీల అధిపతులే చెప్పారు. అందులోంచి ఏది వినాలో తేల్చుకోవడమే సగం పని.

ఎంచుకున్నాక అసలు వినడం మొదలవుతుంది. మొదటిసారి ఏమీ రాయను, ఊరికే వింటాను. రెండోసారి నోట్‌బుక్ దగ్గర పెట్టుకుంటాను. మూడోసారి లిరిక్స్ చూస్తూ, నాలుగోసారి వేరే స్పీకర్‌లో. తర్వాత ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను. ఆ రోజు ఏ ట్యూన్ దానంతటదే నోట్లోకి వచ్చిందో గుర్తుపెట్టుకుని ఐదోసారి వింటాను. 45 నిమిషాల ఆల్బమ్‌కి ఈ లెక్కన దాదాపు నాలుగు గంటలు. నచ్చని ఆల్బమ్ అయినా అంతే, దానికి డిస్కౌంట్ లేదు.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: "2:14 – డ్రమ్స్ ఆగాయి. ఊపిరి పీల్చిన చప్పుడు తీసెయ్యలేదు. కావాలనేనా? 3:02 – అదే హమ్మింగ్, ఈసారి ఒక మెట్టు కింద. 3:40 – ఇక్కడ అయిపోవాల్సింది." రివ్యూలోకి వీటిలో ఆ ఊపిరి ఒక్కటే వచ్చింది. మిగతావన్నీ కొట్టేశాను.

అపోహ: సంగీతం నేర్చుకోనివాళ్లకు ఈ పని కుదరదు

వాస్తవం: నేర్చుకుంటే మంచిదే. నేను కీబోర్డ్ మొదలుపెట్టి మధ్యలో మానేసినవాణ్ణి, ఆ కాస్తా బాగానే పనికొచ్చింది. కాకపోతే నాలుగు పేర్లు తెలియగానే వాటిని రివ్యూ నిండా చల్లే జబ్బు ఒకటి పట్టుకుంటుంది. "ఈ పాట 7/8లో నడుస్తుంది" అంటే తెలిసినవాళ్లు తలూపుతారు. "ప్రతి వరుసలోనూ చివరి మెట్టు ఒకటి తక్కువైనట్టు కాలు తడబడుతుంది" అంటే ఎవరైనా వెళ్లి విని చూస్తారు.

అపోహ: ఖరీదైన హెడ్‌ఫోన్స్ లేకపోతే రివ్యూ చెయ్యలేం

వాస్తవం: యమహా 1978లో ఎన్‌ఎస్-10 అనే స్పీకర్లు తెచ్చింది. ఇళ్లలో వినడానికని చేస్తే అక్కడ పెద్దగా ఎవరూ మెచ్చుకోలేదు. స్టూడియోలవాళ్లు మాత్రం వాటిని దశాబ్దాలపాటు మిక్సింగ్ కన్సోల్ మీద పెట్టుకున్నారు. అవి పాటను తియ్యగా వినిపించవు, మిక్స్‌లో (అంటే గొంతునీ వాయిద్యాలనీ కలిపిన తీరులో) లోపం ఉంటే మొహమాటం లేకుండా బయటపెడతాయి. సంవత్సరాలుగా వాడుతున్న మామూలు హెడ్‌ఫోన్స్ ఏం పెంచి వినిపిస్తాయో, ఏం మింగేస్తాయో మీకు తెలిసుంటే చాలు, పని నడుస్తుంది.

ఖరీదు కన్నా పెద్ద మోసం వాల్యూమ్‌లో ఉంది. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగా అందదని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. సౌండ్ పెంచితే బేస్ నిండుగా వస్తుంది, పాట బాగుందనిపిస్తుంది. స్పాటిఫై లాంటి సర్వీసులు పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. స్పాటిఫై మామూలు సెట్టింగ్ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క ఇది). రిలీజ్‌కి ముందు మాకొచ్చే ఫైల్‌కి ఆ సర్దుబాటు ఉండదు, గట్టిగా మాస్టర్ చేసినది (అంటే చివరి మెరుగులప్పుడే సౌండ్ పెంచేసినది) గట్టిగానే మోగుతుంది. ముందురోజు రాత్రి "అదిరిపోయింది" అనుకున్న ఆల్బమ్ మర్నాడు స్ట్రీమింగ్‌లో చప్పగా తోచడం నాకు చాలాసార్లు జరిగింది. ఇప్పుడు రెండు పాటలు పోల్చాల్సి వస్తే ముందు వాల్యూమ్ సరిచూస్తాను.

అపోహ: తిడితేనే వ్యూస్ వస్తాయి

వాస్తవం: వస్తాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి? నా వీడియోల్లోనూ ఎక్కువమంది చూసినవి తిట్టినవే. కానీ అలా వచ్చినవాళ్లు తిట్ల కోసమే వచ్చారు. తర్వాతి వారం ఒక నెమ్మదైన ఆల్బమ్ గురించి ప్రేమగా మాట్లాడితే వాళ్లలో ఒక్కరూ కనిపించరు.

తిట్టు ఊరికే పోదు కూడా. 2004లో అమెరికన్ గాయకుడు ట్రావిస్ మోరిసన్ సోలో ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల వెబ్‌సైట్ పదికి 0.0 ఇచ్చింది. ఆ రివ్యూ చూసి ఒక రికార్డు షాపు ఆ ఆల్బమ్‌ను అమ్మకానికే పెట్టనన్నదట. ఇదే పిచ్‌ఫోర్క్ 2021లో తన పాత రేటింగుల్లో 19 ఆల్బమ్‌లకు మళ్లీ మార్కులు వేసింది. కొన్నిటికి పెంచింది, కొన్నిటికి తగ్గించింది. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ 1969లో ఆల్బమ్‌లకు స్కూలు గ్రేడులు ఇవ్వడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ మార్కుల గొడవ నడుస్తూనే ఉంది. నేనూ మార్కులు ఇస్తాను, ఇవ్వకపోతే చూసేవాళ్లు ఊరుకోరు. కానీ 6కీ 7కీ తేడా ఏంటని నన్ను నిలదీస్తే ఆ రోజు నా మూడ్ అనే చెప్పాలి.

అపోహ: 30 సెకన్ల లోపు పాట వాడుకుంటే కాపీరైట్ సమస్య రాదు

వాస్తవం: ఈ 30 సెకన్ల లెక్క ఎవరు పుట్టించారో గానీ, అలాంటి రూల్ లేదు. అమెరికా ఫెయిర్ యూజ్ నిబంధనలోనూ సెకన్ల లెక్క లేదు, మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనూ లేదు. విమర్శకో సమీక్షకో న్యాయంగా వాడుకోవచ్చనే ఉంది. ఏది న్యాయమన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది.

పైగా మనకు ముందు ఎదురయ్యేది జడ్జి కాదు, యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ. అది మెషిన్. పాట వినిపించిందా లేదా అన్నదే చూస్తుంది, మీరు దాన్ని పొగిడారో విడమర్చి చెప్పారో దానికి పట్టదు. క్లెయిమ్ (ఈ పాట మాదేనన్న దావా) పడితే వీడియోను బ్లాక్ చెయ్యాలా, యాడ్స్ డబ్బు తీసుకోవాలా అన్నది పాట హక్కుదారు ఇష్టం. మీరు డిస్ప్యూట్ పెడితే జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంటుంది. ఆలోగా ఆల్బమ్ పాతబడిపోతుంది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. హక్కుదారు చట్టప్రకారం అడిగి వీడియోనే తీసేయిస్తే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు.

అందుకే నేను కొద్ది సెకన్లే వినిపించి, వెంటనే దాని గురించే మాట్లాడతాను. అవసరమైతే నేనే హమ్ చేస్తాను. నా గొంతుకి ఇంతవరకు ఒక్క క్లెయిమ్ రాలేదు. అది ఆ పాటేనని మెషిన్‌కి కూడా అనిపించలేదేమో.

అపోహ: సబ్‌స్క్రైబర్లు పెరిగితే ఉద్యోగం మానేయొచ్చు

వాస్తవం: మానకండి. యూట్యూబ్ యాడ్స్‌లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి (షార్ట్స్‌కి వేరే లెక్క ఉంది). అంతా దాటాక కూడా క్లెయిమ్ పడిన వీడియో డబ్బు చాలాసార్లు మనది కాదు. 1996లో మొదలై ఈ రంగాన్నే ఏలిన పిచ్‌ఫోర్క్‌ను 2024 జనవరిలో జీక్యూ పత్రికలో కలిపేసి చాలామందిని ఇంటికి పంపారు. నేను మొదటి నాలుగేళ్లు పగలు వేరే ఉద్యోగం చేశాను.

ఇక పెయిడ్ రివ్యూలు. ఒక సంస్థవాళ్లు "మీ మాటల్లోనే చెప్పండి, పాజిటివ్‌గా ఉంటే చాలు" అని మెయిల్ పెట్టారు. ఒప్పుకుని, వీడియో మొదట్లో ఇది ప్రకటన అని వేశాను. ఆ ఒక్క లైను తీసెయ్యమన్నారు. డబ్బు వెనక్కి పంపించేశాను. నిజం చెప్పాలంటే ఆ నెల అది చాలా అవసరమైన డబ్బే.

అపోహ: ముందు పెట్టినవాడిదే రాజ్యం

వాస్తవం: ఒక శుక్రవారం నేనూ ఇదే నమ్మాను. ఆ ఆల్బమ్‌కి ముందస్తు ఫైల్ రాలేదు, అందరం ఒకేసారి వింటున్నాం. ఐదుసార్ల లెక్క పక్కన పెట్టి రెండుసార్లతో సరిపెట్టాను. అదీ వైరు ఇయర్‌ఫోన్స్ ఎడమ చెవికి మాత్రమే పెట్టుకుని, ఇంకో పక్క వీడియో ఎడిట్ చేసుకుంటూ. సాయంత్రానికల్లా రివ్యూ పెట్టేశాను. మూడో పాట గురించి "ఇక్కడ గిటార్ ఉంటే ఎంత బాగుండేది, ఎందుకిలా ఖాళీగా వదిలేశారు?" అని గట్టిగానే అడిగాను.

రాత్రి ఒక శ్రోత నుంచి ఒక్క లైను మెయిల్: "కుడి చెవిలో ఉంది సార్."

రెండు చెవులకీ పెట్టుకుని విన్నాను. నిజంగానే కుడి వైపు చివర్న చిన్నగా, పల్లవి దాటగానే మొదలై పాటంతా పక్కనే నడుస్తోంది. వీడియో తీసేసి, వారం తర్వాత కొత్తది పెట్టాను. ఆ మెయిల్ చదువుతూనే మొదలుపెట్టాను. మధ్యలో నువ్వెవరని అడిగే పదో మనిషికి ఇప్పుడు ఆ వీడియో లింకే పంపిస్తాను.