గేట్లు ఎత్తిన రోజున ఎన్ని చేపలు దాటాయి?

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే విజయవాడలో సగం ఊరు చూడ్డానికి వెళ్తుంది. వెళ్లినవాళ్లలో కొందరి చేతుల్లో గాలాలు, విసురు వలలు ఉంటాయి. మామూలు రోజుల్లో కనపడనంత పెద్ద చేపలు ఆ వారంలో గేట్ల దిగువన పడతాయి. దాన్ని అదృష్టం అనుకుంటారు గానీ కారణం వేరే ఉంది. బొచ్చె, శీలావతి, మోసు లాంటివి గుడ్లు పెట్టేది వానాకాలపు కొత్తనీటిలోనే. నీటిమట్టం లేవడం, ప్రవాహం వేగం అందుకోవడం, నీళ్లు ఎర్రబారడం, అన్నీ కలిసి వాటి ఒంట్లో హార్మోన్లను కదిలిస్తాయి. ఎదురీదుకుంటూ వస్తాయి. ముందు కాంక్రీటు అడ్డం వస్తే అక్కడక్కడే గుంపుగా తిరుగుతాయి. గాలానికి చిక్కిన పెద్ద చేప పొట్ట ఉబ్బెత్తుగా ఉందంటే, లోపల ఉన్నది జన, అంటే గుడ్లు. శీలావతిలో కిలో బరువుకి రెండు లక్షల గుడ్ల లెక్కన ఉంటాయి. అయిదు కిలోల తల్లి చేప అంటే పది లక్షల గుడ్లు.

వినోదానికి గాలం వేయడం నాకు ఇష్టమైన పనే. అందుకే ఈ వేటకు సీజన్ ఎలా పెట్టాలన్న ప్రశ్న నన్ను వదలదు. ఈ విషయంలో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తలలు బద్దలు కొట్టుకున్నది అమెరికా, కెనడా పడమటి తీరంలో సాల్మన్ చేపలు ఎక్కే నదుల దగ్గరివాళ్లు. సాల్మన్ నదిలో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగొస్తుంది. పసిఫిక్ సాల్మన్ అయితే గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. దానికి రెండో ఏడాది లేదు. కాబట్టి అక్కడి అధికారులు ముందుగా తేల్చుకునేది ఎన్ని చేపలు పట్టొచ్చు అని కాదు. గాలాలన్నీ, వలలన్నీ తప్పించుకుని పైకి ఎన్ని చేరాలి అని. రైతు విత్తనాల వడ్లు పక్కన తీసి పెట్టాకే మిగతావి అమ్ముకున్నట్టు, ఆ సంఖ్య దాటాక మిగిలిందే వేటకు వస్తుంది. నా మటుకు నాకు, నదుల్లో వేట నిర్వహణ గురించి తెలుసుకోవాల్సినదాంట్లో ముప్పాతిక వంతు ఇదే.

మరి నీళ్లలో పోయే చేపను లెక్కపెట్టేదెలా? కొలంబియా నది మీద బోన్నెవిల్ డ్యామ్‌కి చేపలు ఎక్కడానికి మెట్లలాంటి నీటి దారి కట్టారు. ఆ దారి ఒకచోట ఇరుకవుతుంది. పక్కనే గాజు కిటికీ. కిటికీ వెనక ఒక మనిషి కూర్చుని ఏ జాతి చేప ఎన్ని వెళ్లాయో నమోదు చేస్తాడు. 1938 నుంచీ ఈ లెక్క నడుస్తోంది, ఏ రోజు ఎన్ని దాటాయో జనం చూసుకోవచ్చు కూడా. అలాస్కాలో కీనై నది బురదగా ఉంటుంది, కిటికీ పనికిరాదు. అక్కడ నీళ్లలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి చేపల్ని లెక్కిస్తారు. లెక్క బాగుంటే సాకై జాతి సాల్మన్‌ను ఒక్కొక్కరు రోజుకి మూడు పట్టే చోట ఆరు పట్టుకోమంటారు. అదే నదిలో పెద్దదైన కింగ్ సాల్మన్ తగ్గిపోయిందని ఇటీవలి ఏళ్లలో దాని వేట మూసేశారు. ఒకే నది, ఒకే వేసవి, రెండు జాతులకు రెండు ఆర్డర్లు.

ముందస్తు అంచనాలూ వేస్తారు. అందులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. సాల్మన్ మగవాటిలో కొన్ని తొందరపడి, తోటివాటికన్నా ఏడాది ముందే చిన్న సైజులోనే నదికి వచ్చేస్తాయి. వాటిని జాక్‌లు అంటారు. ఈ ఏడాది జాక్‌లు ఎక్కువ వచ్చాయంటే, వాటితో పాటు పుట్టినవి సముద్రంలో బాగానే బతికి ఉన్నాయన్నమాట, వచ్చే ఏడాది రాక కూడా బాగుండే అవకాశం ఉంటుంది. అయినా అంచనా అంచనానే. కెనడాలోని ఫ్రేజర్ నదికి 2009లో కోటికి పైగా సాకై చేపలు వస్తాయనుకున్నారు. వచ్చినవి సుమారు 15 లక్షలు. ప్రభుత్వం విచారణ కమిషనే వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది చూస్తే 3 కోట్లకు దగ్గరగా వచ్చాయి! అందుకే సీజన్ తేదీలు ముందే ప్రకటించినా, మధ్యలో లెక్క చూసుకుని మూయడం, తెరవడం చేస్తారు. కాలిఫోర్నియాలో 2023, 2024 రెండేళ్లూ సముద్రంలో సాల్మన్ వేటను సరదా గాలాలతో సహా పూర్తిగా ఆపేశారు.

అక్కడి తేదీలు, కొలతలు తెచ్చి కృష్ణకు అంటించలేం. మోంటానా రాష్ట్రంలో ట్రౌట్ చేపలుండే నదుల్లో నీటి వేడి వరుసగా మూడు రోజులు 23 డిగ్రీల దాకా వెళ్తే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయనివ్వరు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, గాలంతో పెనుగులాడిన చేపను వదిలినా బతకదు. మన బొచ్చెకు 23 డిగ్రీలంటే చల్లటి నీళ్లే. ఇంకో తేడా కూడా ఉంది, నా దృష్టిలో అసలైన తేడా. సాల్మన్‌కి ఒక్కటే కాన్పు. మన బొచ్చె, శీలావతి ఏటేటా గుడ్లు పెడతాయి, వయసు, బరువు పెరిగేకొద్దీ ఎక్కువ పెడతాయి. అంటే ఇక్కడ తల్లి చేపను చంపితే ఈ ఏటి గుడ్లే కాదు, రాబోయే ఏళ్లవీ పోతాయి. మనవాళ్లు ఫొటో దిగేది సరిగ్గా ఆ చేపతోనే. కొలంబియాలో స్టర్జన్ అనే పెద్ద చేపకు కింది కొలతే కాదు, పై కొలత కూడా పెట్టారు. పిల్లల్ని వదలాలి, ముసలి తల్లుల్నీ వదలాలి, మధ్య సైజువే ఇంటికి. కృష్ణకు ఇలాంటి నియమం సరిగ్గా సరిపోతుంది.

వదలడం కూడా ఒక పనితనం. చేప ఒంటి మీద జారుడుగా ఉండే పొర దానికి రోగాల నుంచి రక్ష, పొడి చేత్తో పట్టుకుంటే ఊడిపోతుంది. చేతులు తడుపుకుని పట్టాలి. మొప్పల్లో వేళ్లు దూర్చకూడదు. రేవు మెట్ల మీద, ఎండకు కాలిన సిమెంటు మీద పడేయకూడదు. గాలం ముల్లుకున్న వెనకమొనను ముందే పటకారుతో నొక్కేస్తే తీయడం క్షణంలో పని. తర్వాత నీళ్లలో, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకోవాలి. మొప్పలు ఆడి, తోక విదిల్చి తనంతట తనే పోయేదాకా.

మన తూర్పు తీరంలో సముద్రపు వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు విరామం ఉంది. నదిలో చేప గుడ్లు పెట్టే కాలం ఆ విరామం ముగిశాక మొదలవుతుంది. మధ్యప్రదేశ్‌లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా నదుల్లో వేట ఆపుతారు. బంగ్లాదేశ్ ఇంకొంచెం సూక్ష్మంగా ఆలోచించింది. గోదావరికి వస్తే మనం పులస అనే చేపే అక్కడి ఇలిష్. అది ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ గుడ్లు పెడుతుందని గమనించి, అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దాని వేట ఆపుతారు. ఆ రోజుల్లో మత్స్యకారుల కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. వల మీదే పొయ్యి వెలిగే ఇంటిని ఊరికే ఆగమనడం అన్యాయం. సరదాకి వచ్చే మాలాంటివాళ్లకు ఆ ఇబ్బంది లేదు, మేం ముందు ఆగొచ్చు.

కృష్ణలో మొదలుపెట్టాల్సింది కూడా పెద్ద చట్టంతో కాదు, లెక్కతో. మొదటి వరదకు గేట్లు ఎత్తిన రోజు నుంచి రెండు వారాలు బ్యారేజీ దిగువన గాలాలు ఆపి, ఆ రెండు వారాలూ అక్కడికి ఏ జాతి చేపలు, ఏ సైజువి వస్తున్నాయో రాసుకోవాలి. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలు చేయగలిగిన పని ఇది. రేవుల్లో చేపలు అమ్మే ఆడవాళ్లను అడిగితే ఏ రోజు ఏ జన చేపలు వచ్చాయో వాళ్లే చెబుతారు. అయిదారేళ్ల లెక్కలు చేతికొస్తే, కొత్తనీటికి ఎన్నో రోజున ఏ చేప కదులుతుందో తెలుస్తుంది. అప్పుడు సీజన్‌ను క్యాలెండర్ చూసి కాకుండా నది చూసి మూయొచ్చు.