ఉడత పిల్ల ఒంటరిగా పెరిగితే

ఉద్దానంలో కొబ్బరి దింపు జరిగేటప్పుడు కాయలతో పాటు అప్పుడప్పుడు ఉడత గూళ్లు కూడా కింద పడతాయి. మొవ్వులో, మట్టల మొదళ్ల సందున, పీచూ ఎండుగడ్డీ గుడ్డపేలికలూ ఏది దొరికితే అది ఉండలా చుట్టి ఉడత అందులో పిల్లల్ని పెడుతుంది. గాలివానకీ ఇదే గతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటల్లో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. ఆ చెట్ల మీద బతికే ప్రాణుల లెక్క ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఉండదు.

కింద పడిన పిల్లని ఎవరో ఒక కుర్రాడు ఇంటికి తెస్తాడు. చెప్పుల అట్టపెట్టె, పాత చీరముక్క, ఆవుపాలలో ముంచిన దూది. ఉడతాభక్తిగా చేసే ఈ సేవ మూడోనాటికి విరేచనాలతో, కడుపుబ్బరంతో ముగుస్తుంది. పిల్ల పోయిందని ఇంటిల్లిపాదీ బాధపడతారు. చాలాసార్లు ఆ పిల్లకి మనిషి పెంపకం అవసరమే ఉండదు, ఎందుకంటే తల్లి ఆ పక్క చెట్టు మీదే ఉంటుంది.

మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి దగ్గరికి రానివ్వదనే మాట మన ఊళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. గూటికి ముప్పు వస్తే పిల్లని నోట కరుచుకుని వేరే గూటికి చేర్చడం ఉడతలకి అలవాటైన పని. చెట్లెక్కే ఒక పెద్దాయన దీని గురించి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఏటి బాబూ, నువ్వు ముట్టుకున్నావని కన్నపిల్లని ఒదిలేస్తాదేటి తల్లి?"

కాబట్టి మొదట చేయాల్సింది పాలు వెతకడం కాదు. పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్లు వెచ్చబడ్డాక, లోతు తక్కువ బుట్టలో పెట్టి అదే చెట్టుకి, నీడపట్టున, పిల్లులూ కుక్కలూ అందుకోలేని ఎత్తులో కట్టాలి. చీమలు పట్టకుండా చూసుకోవాలి. ఆ తర్వాత మనం అక్కడి నుంచి నిజంగానే వెళ్లిపోవాలి. పది మంది మూగి సెల్‌ఫోన్లలో వీడియో తీస్తుంటే తల్లి దిగదు. ఉడత పగటి జంతువు, చీకటి పడితే తిరగదు. పొద్దు వాలే దాకా చూసి, రాకపోతే అప్పుడు లోపలికి తేవాలి. ఒంటికి గాయముంటే మాత్రం ఎదురుచూడకుండా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వన్యప్రాణులకు 1972 నుంచి ప్రత్యేక చట్టం ఉంది కనుక అటవీశాఖ వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచడమూ మంచిది.

మన వైపు ఎక్కువగా కనిపించే మూడు చారల ఉడత పెద్దదైనా వంద గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. చూలు నెల రోజులు దాటి నాలుగైదు రోజులు, ఈతకి రెండు మూడు పిల్లలు. పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరవవు. ఆ వయసులో దొరికిన పిల్లకి పాలకన్నా వెచ్చదనం ముందు. చల్లబడిన పిల్లకి పాలు పడితే కడుపులో అరగవు. ఆవుపాలలో చక్కెర ఎక్కువ, ఉడత తల్లి పాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువ. ఈ తేడా వల్లే విరేచనాలు. కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి కొంత నయం. పట్టే తీరులోనూ జాగ్రత్త కావాలి. మనం పసిపిల్లల్ని ఒళ్లో వెల్లకిలా వేసుకుని పాలు పడతాం, ఉడత పిల్లని అలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బోర్లా ఉంచి, తల కాస్త పైకెత్తి, ఒక మిల్లీలీటరు సిరంజితో సూది తీసేసి చుక్క చుక్కగా పట్టాలి. ముక్కులోంచి పాల బుడగ వస్తే వెంటనే ఆపాలి. తాగాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా తుడవాలి, లేకపోతే పిల్ల మూత్రం పోయలేదు. తల్లి నాలుకతో చేసే పని అది. పళ్లొచ్చాక వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలే పెడుతూ పోతే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి. జామ, చిగుళ్లు, కాస్త ఎండ కావాలి.

ఇంతవరకు ఓపికున్న ఎవరైనా నేర్చుకోగలరు. ఉడతగా బతకడం ఎలాగో మాత్రం మనం నేర్పలేం.

ఉడతలు కోతుల్లా గుంపు కట్టవు. అలాగని ఏకాకులూ కావు. ఏ తోటలోనైనా ఉదయం పూట ఒక పనస చెట్టు కింద కూర్చుంటే తెలుస్తుంది. ఒకటి కాయ మీద, ఒకటి కొమ్మ చివర, ఇంకోటి నేల మీద. దేని గొడవ దానిదే అన్నట్టుంటాయి. ఇంతలో దడి పక్క నుంచి పిల్లి వస్తుంది. దాన్ని ముందు చూసిన ఉడత మాను మీద తలకిందులుగా అతుక్కుని "చిక్ చిక్ చిక్" అని మొదలుపెడుతుంది. ఒక్కో కూతకీ తోక ఒక్కో విసురు. నేల మీదిది అప్పటికే చెట్టెక్కేసి ఉంటుంది, కాయ మీదది కదలకుండా బిగుసుకుపోతుంది. పిల్లి కంటికి మరుగైనా ఆ కూత ఆగదు. తోటంతా వినేలా నిమిషాల తరబడి సాగుతుంది. ఈ కూతలు పుట్టింట్లో, తల్లి పక్కన వినాల్సినవి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, వేరే దేశాల ఉడతల మీద ఈ విషయంలో మంచి పరిశోధన జరిగింది. కాలిఫోర్నియా కొండల్లో బొరియల్లో బతికే బెల్డింగ్ నేల ఉడతలపై పాల్ షెర్మన్ 1977లో ప్రచురించిన పరిశోధనలో, చుట్టుపక్కల తల్లో చెల్లో బిడ్డలో ఉన్న ఆడ ఉడతలే ప్రమాదాన్ని చూసి ఎక్కువగా కూస్తాయని తేలింది. కూసినవాటికి ప్రాణగండం ఉన్నా సరే. ఈ ఉడతల పిల్లలు బొరియలోంచి తొలిసారి బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే ఏ కూతకి పరిగెత్తాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో నేర్చుకుంటాయని జిల్ మాటియో, వారెన్ హోమ్స్ చూపించారు. తల్లి అలికిడికి ఎలా స్పందిస్తే పిల్లలూ అటే మొగ్గుతాయి. హోమ్స్, షెర్మన్ 1982లో మరో సంగతి చెప్పారు. ఒకే చోట కలిపి పెంచిన పిల్లలు, నెత్తుటి సంబంధం లేకపోయినా, తర్వాత ఒకదానితో ఒకటి తక్కువగా పోట్లాడాయి. ఇవి నేల మీద కాలనీలుగా ఉండే జాతులు, మన చెట్టు ఉడతకి పూసగుచ్చినట్టు వర్తిస్తాయనుకోకూడదు. కానీ చెట్టు ఉడతలూ చెవులు రిక్కించే బతుకుతాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఓబర్లిన్‌లో 54 బూడిదరంగు ఉడతలకి డేగ అరుపు వినిపించారు. ఆ తర్వాత కొన్నిటికి పక్షుల కబుర్లు వినిపించారు, కొన్నిటికి ఉత్త వాతావరణ శబ్దం. పిట్టలు తాపీగా కబుర్లాడుకుంటుంటే విన్న ఉడతలు టెన్షన్ వదిలి తొందరగా మామూలు పనిలో పడ్డాయి. 2019లో వచ్చిన ఫలితమిది. గోరింకలు కిచకిచలాడుతుంటే ప్రమాదం లేదన్నమాట. ఫ్యాను గాలిలో అట్టపెట్టెలో పెరిగిన పిల్లకి ఈ భాష ఎక్కడిది?

అందుకే ఒంటరి పిల్లని ఒంటరిగా పెంచొద్దు. అదే ఊళ్లో ఇంకొకరికి పిల్ల దొరికితే, వయసు దగ్గరైతే, రెండిటినీ కలిపి పెంచాలి. కుస్తీలు పడతాయి, ఒకదాని తోక ఇంకొకటి కొరుకుతుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది తిరగబడుతుందో ఆ ఆటలోనే తెలుస్తుంది. మన చేతి మీద ఆడితే ఇది తెలియదు. పైపెచ్చు చేతులకి మరిగిన ఉడత మనిషి కనిపించినా, పిల్లి కనిపించినా పారిపోకుండా నిలబడుతుంది. భుజమెక్కి కూర్చునే ఉడత ఫోటోలు చూడముచ్చటగానే ఉంటాయి, నాకు మాత్రం అవి చూస్తే భయమేస్తుంది.

పాలు మాని, కాయ కొరుక్కుని తినడం వచ్చాక, ఉడతలు తిరిగే చెట్టు కిందే సన్న జాలీ గూడు ఒకటి పెట్టి అందులో కొన్నాళ్లు ఉంచాలి. లోపల కొమ్మలు, దాక్కోడానికి చిన్న పెట్టె. బయటి ఉడతలు వచ్చి జాలీ పట్టుకుని వాసన చూస్తాయి, కూస్తాయి, లోపలివి వింటాయి. వాన లేని ఒక ఉదయం తలుపు తీసి వదిలేయాలి, చేత్తో పట్టి బయటికి లాగకూడదు. దొరికిన ఊరి తోటలోనే వదలాలి, మనకి ఇష్టమైన కొండకో పార్కుకో తీసుకెళ్లి కాదు. ఉత్తర భారతంలో ఉండే ఐదు చారల ఉడతల్ని 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ జూ నుంచి వదిలితే, ఇప్పటికీ అక్కడ అవి తోటల్ని పాడుచేసే పరాయి జంతువులే.

మొదటి వారం పాత కాపు ఉడతలు కొత్తవాటిని కొమ్మ కొమ్మకీ తరుముతాయి. జాలి పడి పట్టుకొచ్చి మళ్లీ గూట్లో వేయొద్దు. తలుపు తెరిచే ఉంచి, సాయంత్రం లోపల కొన్ని జామముక్కలు పెడితే చాలు. రెండు మూడు వారాలకి అవి ముట్టకుండా మిగిలిపోవడం మొదలవుతుంది. అప్పుడు గూడు తీసేయొచ్చు.