గేటు ఒక్క దారికే పెట్టారు

వేసవి వచ్చిందంటే మనాలిలో పర్మిట్ల పంచాయితీ లేస్తుంది. ఊరికి ఎగువనున్న రోహ్‌తంగ్ పాస్‌కి (కొండల మధ్య కనుమ) రోజుకి 1,200 బళ్ళే, అందులో 800 పెట్రోలు, 400 డీజిలు, మంగళవారం రోడ్డు పనులకని పూర్తిగా బంద్. కోటా పెంచమని ట్యాక్సీవాళ్ళు, పెంచితే మంచు మిగలదని పర్యావరణం వాళ్ళు. పొగ మసి మంచు మీద పేరుకుంటే ఎండని పీల్చి తొందరగా కరిగిస్తుందనీ, 2014 ఫిబ్రవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ రంగంలోకి దిగిందే అందుకనీ మీరు చాలాసార్లు చదివే ఉంటారు, మళ్ళీ చెప్పను. అందరూ కథని అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. నాకైతే అసలు మలుపు 2020 అక్టోబర్ 3, అటల్ సొరంగం తెరిచిన రోజు.

అంతకుముందు జరిగిన ఒక మంచి పని చెప్పాలి, పైగా అందులో మన ఊరి చెయ్యి కూడా ఉంది. 2017 సెప్టెంబర్‌లో మనాలి నుంచి రోహ్‌తంగ్‌కి కరెంటు బస్సులు మొదలయ్యాయి. 51 కిలోమీటర్ల ఘాట్, పైకి వెళ్తే 13,000 అడుగులు, ఆ చలిలో బ్యాటరీ ఏం నిలుస్తుందని చాలామందికి అనుమానం. ఆ బస్సులిచ్చింది చైనా బీవైడీతో కలిసిన హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్, తర్వాత ఒలెక్ట్రా అయింది, 2022లో తిరుమల ఘాట్ ఎక్కినవీ వీళ్ళ బస్సులే. దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది, పైగా హిమాచల్ కరెంటులో ఎక్కువ భాగం జలవిద్యుత్తు. కాబట్టి ఆ 51 కిలోమీటర్ల వరకు కర్బన లెక్క నిజంగానే బాగుంది.

ఆ తర్వాత మూడేళ్ళకి అటల్ సొరంగం తెరిచారు. 9.02 కిలోమీటర్లు, మనాలి-లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. చలికాలంలో నెలల తరబడి తెగిపోయే, కనుమ అవతలి లాహౌల్ లోయ జనానికి అది ప్రాణం పోసింది, కాదనను.

కానీ పల్చాన్ దగ్గర నిలబడి చూడండి. రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి గులాబా మీదుగా రోహ్‌తంగ్‌కి: గేటు, తనిఖీ, పర్మిటుకి 500, రద్దీ రుసుము ఇంకో 50. రెండోది సోలాంగ్ వైపు నుంచి సొరంగానికి, అక్కడ పర్మిటు అడిగేవాడే లేడు. సొరంగం దాటితే సిస్సు, కోక్సర్ ఊళ్ళు, అక్కడా మంచే. ట్యాక్సీవాళ్ళు అడిగేది ఇదే: మా బండికి లెక్క పెట్టారు, బయటి రాష్ట్రాల నుంచి సొంత కార్లలో వచ్చి సొరంగం వైపు వెళ్ళేవాళ్ళకి ఎందుకు పెట్టలేదు? అప్పు చేసి బండి కొన్నవాడు కోటా కోసం వంతు కాసుకుంటుంటే, పక్క దారిలో పొద్దున్నుంచీ రాత్రిదాకా కార్లు బారులు కడుతున్నాయి. ఈ ప్రశ్నకి ఇంతవరకు సూటి జవాబు నేను వినలేదు. పర్యాటకం వల్లే లాహౌల్ బతుకుతోందని అధికారులు అంటారు, అదీ నిజమే.

ఆ సొరంగం కట్టిందే రోజుకి 3,000 కార్లు, 1,500 లారీల అంచనాతో. 2023 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందురోజు, 28 వేలకు పైగా బళ్ళు వెళ్ళాయని లెక్క వచ్చింది. ఆ రోజుల్లోనే ట్రాఫిక్ తప్పించుకోవాలని ఒకాయన తన థార్‌ని ఏకంగా చంద్రా నదిలోకి దింపాడు, వీడియో అందరూ చూశారు, పోలీసులు చలానా రాశారు. జామ్‌లో ఇంజన్ ఆపకుండా హీటర్ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నవాళ్ళకి మాత్రం ఏ చలానా లేదు.

2024 చివర్లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రపంచమంతటికీ ఇదే లెక్క కట్టింది. 2009-19 మధ్య పర్యాటకానికి గిరాకీ ఏటా 3.8 శాతం పెరిగితే, టెక్నాలజీ వల్ల ఉద్గారాల్లో వచ్చిన ఆదా ఏటా 0.3 శాతమే. 2019 నాటికి ప్రపంచ ఉద్గారాల్లో 8.8 శాతం ఈ తిరుగుళ్ళదే. బస్సు మారింది, ఎక్కాల్సినవాళ్ళు మాత్రం ఢిల్లీ నుంచి 500 కిలోమీటర్లకు పైగా సొంత కారులోనే వస్తున్నారు (మనవాళ్ళయితే ముందు ఢిల్లీ దాకా విమానం).

ఇప్పుడు కొట్లాడుకుంటున్నదంతా ఆ 1,200 గురించే, దాన్ని ఎంత చెయ్యాలని. సొరంగం వైపు ఎన్ని పంపాలో ఇరువైపులా ఎవరి నోటా ఒక అంకె రావడం లేదు.