దేశం పంపని పాట

ఆస్కార్‌కి మన దేశం తరఫున ఏ సినిమా వెళ్ళాలన్న గొడవ మళ్ళీ రాజుకుంది. విశాఖలో ఈ చర్చ ఎక్కడ మొదలైనా, జగదాంబ సెంటర్లో టీ కొట్టు దగ్గరైనా, సినిమా అభిమానుల వాట్సాప్ గ్రూపులోనైనా, చివరికి ఒకే మాట దగ్గరికి వస్తుంది: "నాటు నాటుని పంపితే గెలిచాం కదా, మరి తెలుగు సినిమా అంటే ఎందుకు ఇంత చిన్నచూపు?" ఈ కోపంలో న్యాయం ఉంది. కానీ 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని ఆ పాటని దేశం పంపలేదు. ఆ సంగతి సరిగ్గా తెలిస్తే ఎవరిని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

'మదర్ ఇండియా' నుంచి 'లగాన్' దాకా నామినేషన్ల చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క వేరే ఉంది. 2025 వరకు చూసినా దేశం అధికారికంగా పంపిన తెలుగు సినిమా ఒక్కటే, 1986లో కె. విశ్వనాథ్ తీసిన 'స్వాతిముత్యం'. ఆ మరుసటి ఏడాది తమిళం నుంచి 'నాయకన్' వెళ్ళింది. తర్వాత 'అంజలి', 'తేవర్ మగన్', 'ఇండియన్', 'హే రామ్' వెళ్ళాయి. మలయాళం నుంచి 'గురు', 'జల్లికట్టు', '2018' వెళ్ళాయి. మనకి రెండో అవకాశం రాలేదు.

వచ్చే సూచన బలంగా కనిపించింది ఒక్క 2022లోనే. నా దృష్టిలో ఈ కథంతా ఆ ఏడాదిలోనే ఉంది. అది మన్యం తిరుగుబాటుకి వందేళ్ళు నిండిన సంవత్సరం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. శతాబ్ది పూర్తయిన ఏడాదే ఏప్రిల్‌లో పాత విశాఖ, తూర్పు గోదావరి జిల్లాల నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి పేరుతో కొత్త జిల్లా వచ్చింది. 'ఆర్ఆర్ఆర్'లో కనిపించే రామరాజు రాజమౌళి కల్పనే, చరిత్రలోని మనిషి కాదు. అయినా ఆయన పుట్టిన పాండ్రంగి, ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట తెలిసిన ఈ ప్రాంతం వాళ్ళకి ఆ సినిమా దేశం తరఫున వెళ్తుందన్న ఆశ మామూలుగా లేదు.

సెప్టెంబరు 20న, దేశం ఎంట్రీని ఎంచే ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పేరు ప్రకటించింది: గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. కన్నడ దర్శకుడు టి.ఎస్. నాగాభరణ అధ్యక్షతన 17 మంది జ్యూరీ ఏకగ్రీవంగా ఎంచుకుందని చెప్పారు. ఫెడరేషన్ వైపు మాట ఇంతే. నిజానికి ఆ సినిమాని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పల్లెటూరి పిల్లవాడొకడు సినిమా పిచ్చిలో పడతాడు. చివర్లో పాత ప్రొజెక్టర్లు కరిగి చెంచాలవుతాయి, రీళ్ళు కరిగి రంగురంగుల గాజులవుతాయి. అది చూసి కదలనివాళ్ళు ఉండరు. బాధ అంతా వేరే చోట ఉంది. ఏకగ్రీవం అన్న ఒక్క మాటతో తలుపు మూసేశారు. 'ఆర్ఆర్ఆర్'ని ఏ కొలతతో కొలిచారో, ఎక్కడ తగ్గిందనుకున్నారో ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడే ఆస్కార్లు ఇచ్చే అకాడమీ నియమం అర్థం చేసుకోవాలి. దేశానికి ఒక్క సినిమా అన్న నిబంధన అంతర్జాతీయ చిత్రం విభాగానిది. ఉత్తమ పాటకి దేశంతో పనే లేదు. అమెరికాలో అకాడమీ చెప్పిన నగరాల్లో ఏదో ఒకచోట వారం రోజులు థియేటర్‌లో ఆడితే చాలు, నిర్మాత నేరుగా పోటీకి పెట్టుకోవచ్చు. సంగీత విభాగం సభ్యులు వడపోసి 15 పాటల జాబితా తీస్తారు. అందులో 5 నామినేట్ అవుతాయి. చివరి ఓటు అకాడమీ సభ్యులందరిదీ.

ఆ తలుపు తెరుచుకున్నది సెప్టెంబరులో కాదు, జూన్ 1నే. మార్చి 25న విడుదలై, మన దగ్గర ఆడాల్సినంత ఆడేసిన సినిమాని ఆ రోజు వేరియన్స్ ఫిల్మ్స్ అనే అమెరికన్ పంపిణీ సంస్థ ఒక్క రాత్రి కోసం వందకి పైగా థియేటర్లలో మళ్ళీ వేసింది. మనవాళ్ళతో పాటు తెలుగు ముక్క రానివాళ్ళూ వచ్చారు. అక్కడి నుంచి మాట పాకింది. సెప్టెంబరు చివర్లో హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో షో వేస్తే, ఈ పాట రాగానే జనం లేచి తెర ముందుకెళ్ళి డాన్స్ చేశారు. జ్యూరీ అప్పటికే తీర్పు చెప్పేసింది.

పాట లోపల ఏముందో చూడండి. పోలేరమ్మ జాతర, పోతురాజు, జొన్నరొట్టె, మిరపతొక్కు. చంద్రబోస్ రాసిన ఈ మాటల్లో విదేశీయుడికి అర్థమయ్యేది ఒక్కటీ లేదు. కీరవాణి కట్టిన నడక జాతర డప్పు విన్న ప్రతి కాలికీ తెలిసిన నడక. ప్రపంచానికి నచ్చాలని ఎవరూ దాన్ని మెత్తబరచలేదు. విదేశీ ఓటరుకి ఏం ఎక్కుతుందో ఊహించి సినిమా ఎంచే పద్ధతి ఎంత బలహీనమైనదో చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం కనబడదు.

డబ్బుతో కొనుక్కున్నారన్న మాట మన పరిశ్రమలోనే వినిపించింది, 80 కోట్లు అన్నారు. ప్రచారం నడిపిన ఎస్.ఎస్. కార్తికేయ, 5 కోట్లు అనుకుంటే ఎనిమిదిన్నర కోట్ల దాకా అయిందని లెక్క చెప్పారు. అది చిన్న మొత్తమేం కాదు. ఇంత ఖర్చు భరించలేని చిన్న సినిమాకి దేశం ఇచ్చే ఎంట్రీ తప్ప వేరే దారి ఉండదు. ఫెడరేషన్ నిర్ణయం అంత ముఖ్యమైంది అందుకే.

డిసెంబరు 21న షార్ట్‌లిస్టులు వచ్చాయి. అర్హత ఉన్న 81 పాటల్లోంచి తీసిన 15లో 'నాటు నాటు' ఉంది. అంతర్జాతీయ చిత్రాల 15లో 'ఛెల్లో షో' కూడా ఉంది. జనవరి 24న నామినేషన్లు చదివినప్పుడు పాట నిలిచింది, సినిమా జారిపోయింది. మన లెక్కన మార్చి 13 ఉదయం కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. ఇలా గెలిచిన మొదటి భారతీయ సినిమా పాట ఇదే. అంతకుముందు రెహమాన్, గుల్జార్‌లకి వచ్చిన ఆస్కార్ ఒక బ్రిటిష్ సినిమా పాటకి.

పాట గెలిచింది కాబట్టి ఆ సినిమానే పంపాల్సిందని తేల్చేయడం తొందరపాటు, రెండు విభాగాల ఓటర్లూ కొలతలూ వేరు. కానీ జ్యూరీ తీరు మారలేదన్నది మాత్రం తర్వాత తేలింది. 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ బహుమతి గెలిచిన పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'ని 13 మంది జ్యూరీ పక్కన పెట్టింది. భారత్‌లో జరుగుతున్న యూరోపియన్ సినిమా చూస్తున్నట్టు సభ్యులకి అనిపించిందని ఫెడరేషన్ అధ్యక్షుడు చెప్పారు. ఆ 13 మందిలో ఒక్క మహిళ కూడా లేరు. వాళ్ళు పంపిన 'లాపతా లేడీస్' షార్ట్‌లిస్టుకి కూడా చేరలేదు. భారతీయత అనే కొలబద్ద ఎవరి చేతిలో ఉంది, ఏ భాషవాళ్ళ జీవితం దానికి సరిపోతుంది అన్న ప్రశ్న అప్పుడు మిగతా భాషల వాళ్ళకీ వచ్చింది.

పాటకి దేశమే ప్రతినిధిని ఎంచే పోటీ ఒకటుంది, యూరప్ దేశాల యూరోవిజన్. అక్కడా 2022లోనే స్పెయిన్‌లో ఇలాంటి మంటే రేగింది. జనవరి 29న బెనిడోర్మ్‌లో జరిగిన స్పెయిన్ ఎంపిక ఫైనల్లో గలీసియన్ భాషలో పాడిన టాన్షుగేరాస్ అనే ముగ్గురమ్మాయిల బృందానికి ప్రేక్షకుల ఓట్లలో 70.75 శాతం పడ్డాయి. గెలిచిన గాయని చనెల్‌కి పడింది 3.97 శాతం. సగం బరువు జ్యూరీది కావడంతో ఫలితం అలా తిరిగింది. గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. ప్రాంతీయ భాషకి అన్యాయమన్నారు. ఆన్‌లైన్ వేధింపులు భరించలేక చనెల్ ట్విట్టర్ వదిలేసింది. అదే అమ్మాయి మే నెలలో టురిన్‌లో జరిగిన యూరోవిజన్‌లో మూడో స్థానం తెచ్చింది, 1995 తర్వాత స్పెయిన్‌కి అదే మేటి ఫలితం. జ్యూరీ మాటే నెగ్గిందన్నమాట. అయినా ఎవరికి ఎన్ని పాయింట్లు, ఎంత శాతం అన్నది జనం ముందు ఉంది కాబట్టే ఆ వాదనకి ఒక నేల దొరికింది.

మన దగ్గర అలాంటి కాగితం బయటికి వచ్చే ఆనవాయితీ లేదు. నిర్మాత ఫీజు కట్టి దరఖాస్తు చేస్తాడు, జ్యూరీ కూర్చుంటుంది, చివర్లో ఒక పేరు వస్తుంది. కమిటీలో కనీసం సగం మంది సినిమా తీసేవాళ్ళు ఉండాలని అకాడమీ చెబుతుంది. వాళ్ళలో ఏ భాషవాళ్ళు ఎందరన్నది మనం తేల్చుకోవాల్సిన సంగతి. విశాఖ నుంచి ఈసారి వినతిపత్రం వెళ్తే, "తెలుగు సినిమాని పంపండి" అన్న ఒక్క లైనుతో పంపకండి. చివరి వడపోతకి మిగిలిన సినిమాలేవి, ఒక్కోదానికి ఎన్ని ఓట్లు, కాదనడానికి రాసుకున్న కారణమేంటి, ఈ మూడూ అడగండి.