నేల విడిచిన సాము

దండగ ప్రయత్నాన్ని ‘నేల విడిచి సాము’ అంటాం. సాము చేసేవాడి బలమంతా నేల నుంచే వస్తుందని ఆ మాట పుట్టించినవాళ్లకు బాగా తెలుసు. మరి జిమ్నాస్ట్ చేసేది అచ్చంగా అదే కదా! పరుగెత్తుకొచ్చి, నేల విడిచి, గాల్లో రెండు పిల్లిమొగ్గలు వేస్తూ, మధ్యలో బొంగరంలా మెలి తిరిగి, మళ్లీ కాళ్ల మీదే దిగుతుంది. అయినా సామెత తప్పేం కాదు. గాల్లో ఆమె కొత్తగా సంపాదించేది ఏమీ ఉండదు. నేల మీద కూడగట్టుకున్నదాన్నే పైన ఖర్చు పెట్టుకుంటుంది.

ఆ కూడగట్టుకోవడానికి దొరికే సమయం ఎంతో తెలుసా? కాళ్లు చివరిసారి ఫ్లోర్‌ని తాకి లేచేలోపు, సుమారు సెకనులో పదో వంతు. కావాల్సిన ఎత్తు, కావాల్సిన తిరుగుడు రెండూ ఆ రెప్పపాటులోనే తెచ్చుకోవాలి. ఒక సెకను గాల్లో ఉండాలంటే శరీరపు గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఉన్నట్టు లెక్కించే చోటు, 1.2 మీటర్లకు పైగా లేవాలి. ఫ్లోర్ కింద స్ప్రింగులు ఉంటాయి కాబట్టి కొంత సాయం అందుతుంది. ఒకసారి లేచాక మాత్రం ఎత్తూ మారదు, మొత్తం తిరుగుడూ మారదు. ఈ తిరుగుడునే భౌతికశాస్త్రంలో కోణీయ ద్రవ్యవేగం అంటారు.

మొత్తం మారదు కానీ వేగం మారుతుంది. గిర్రున తిరిగే కుర్చీ ఉంటే మీరే చూడొచ్చు. రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు పట్టుకుని, చేతులు బారజాపి, ఎవరినైనా కుర్చీ తిప్పమనండి. ఇప్పుడు సీసాలను గుండెకు హత్తుకోండి. ఎవరూ తోయకుండానే కుర్చీ జోరందుకుంటుంది. చేతులు చాపితే మళ్లీ నెమ్మదిస్తుంది. జిమ్నాస్ట్ మోకాళ్లు ఛాతీకి లాక్కుని ముడుచుకున్నప్పుడు జరిగేది ఇదే. నిటారుగా ఉన్నప్పటికంటే మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. దిగే ముందు ఒళ్లు విప్పేస్తుంది. అప్పుడు తిరుగుడు ఆగిపోయినట్టు కనిపిస్తుంది గానీ, ఆగదు. నెమ్మదిస్తుందంతే. దాన్ని ఆపేది చివరికి నేలే.

పిల్లిమొగ్గ వరకు లెక్క సులువే. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది మెలి, అంటే ట్విస్టు. గాల్లో పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు మెలి ఎక్కడి నుంచి వస్తుంది? కొంత నేల మీదే మొదలుపెట్టుకుని వెళ్తారు, నిజమే. కానీ పైకి లేచాక కూడా పుట్టించొచ్చు. ఒంటిని నిటారుగా సాగదీసి, చేతులు పక్కలకు చాచి మొగ్గ వేస్తున్న జిమ్నాస్ట్‌ని ఊహించుకోండి. ఉన్నట్టుండి కుడి చేతిని తల పైకి, ఎడమ చేతిని తొడ పక్కకు విసిరింది. చేతులు ఒక దిక్కుకు తిరిగితే మొండెం రెండో దిక్కుకు కాస్త ఒరుగుతుంది. మొత్తం తిరుగుడు దిశ మారలేదు, ఒళ్లు మాత్రం ఒరిగింది. దాంతో ఆ తిరుగుడులో కొంత వాటా తల నుంచి పాదాల దాకా పోయే ఇరుసుకు దక్కుతుంది. ఆ ఇరుసు చుట్టూ మనిషి కవ్వంలా సన్నం. చిన్న వాటా చాలు, గిర్రున మెలి తిరిగిపోతుంది. చేతులను వెనక్కి మళ్లిస్తే ఒళ్లు సరై, మెలి ఆగుతుంది.

పిల్లి దారి వేరు. 1894లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, వెల్లకిలా కిందపడే పిల్లిని వరుసగా ఫొటోలు తీసి చూపించాడు. దానికి మొదట్లో తిరుగుడే లేదు. నడుము దగ్గర ఒంగి, ముందు సగాన్ని ఒకలా వెనక సగాన్ని ఇంకోలా తిప్పుకుంటూ కాళ్ల మీద దిగింది. పిల్లిమొగ్గ అని పేరు పెట్టుకున్నాం గానీ, మనిషి వేసే మొగ్గలో పిల్లి విద్య పెద్దగా లేదు.

ఒంటి లెక్క ఇలా ఉంటే, తలలో లెక్క ఇంకోటి. లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు అనే మూడు వంపు గొట్టాలు ఉంటాయి. తల తిరిగితే వాటిలోని ద్రవం వెనకబడి, ‘తిరుగుతున్నావ్’ అని మెదడుకు కబురు పంపుతుంది. తిరిగి తిరిగి ఆగితే ద్రవం మాత్రం కదులుతూనే ఉంటుంది. కళ్లు తిరగడం అంటే అదే. బ్యాలే నర్తకులు చూపును ఒకచోట నిలిపి, ఒళ్లు తిరిగాక చివర్లో తలను చటుక్కున తిప్పేస్తారు. అది సగం కిటుకే. 2013లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు బ్యాలే నర్తకులను, పడవ పందేలవాళ్లను చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి తిప్పి ఆపారు. ఇంకా తిరుగుతున్నట్టు అనిపించడం నర్తకుల్లో త్వరగా తగ్గిపోయింది. ఏళ్ల సాధనతో వాళ్ల మెదడు చెవి మాటను తక్కువగా పట్టించుకోవడం నేర్చుకుంది.

జిమ్నాస్ట్‌కి తల అలా నిలపడం కుదరదు. వెనక్కి వేసే మొగ్గలో దిగే ముందు నేల కనిపిస్తుంది. ముందుకు వేసే మొగ్గలో ఆ అవకాశం ఉండదు, దాదాపు గుడ్డిగా దిగాలి. వాల్ట్ అనే బల్ల మీద చేతులతో తోసి ముందుకు రెండు మొగ్గలు వేసే ప్రొదునోవా అనే విన్యాసానికి ‘మృత్యు వాల్ట్’ అని పేరొచ్చింది ఇందుకే. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో దీపా కర్మాకర్ దాన్ని వేసి, కూర్చున్నంత కిందికి వంగి దిగి నిలబడింది. 15.066 పాయింట్లతో నాలుగో స్థానం. కంచు పతకం 0.150 తేడాతో పోయింది.

కళ్లూ చెవులూ ఇచ్చే సమాచారం చాలనప్పుడు, వేలసార్లు చేసిన సాధనే ‘ఇప్పుడు ఎక్కడున్నావ్’ అన్నది చెప్పాలి. ఒక్కోసారి అది చెప్పడం మానేస్తుంది. జిమ్నాస్టులు దీన్ని ‘ట్విస్టీస్’ అంటారు. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కి జరిగింది ఇదే. వాల్ట్‌లో రెండున్నర మెలులు తిరగాల్సింది, ఒకటిన్నర దగ్గరే విప్పేసుకుని దిగింది. బలం తగ్గలేదు, ఎత్తు తగ్గలేదు. గాల్లో తానెక్కడుందో తెలియలేదు. టెన్షన్ అని తేలిగ్గా తీసిపారేసినవాళ్లు చాలామందే. తల ముందో కాళ్లు ముందో తెలియకుండా నేల మీదికి రావడం ఎలా ఉంటుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు.

ఆమె ఆ ఫైనల్ నుంచి తప్పుకుంది. వారం తర్వాత, 10 సెంటీమీటర్ల వెడల్పున్న దూలం, అంటే బీమ్, ఎక్కింది. చివరి దూకుడులో మెలులు తీసేసి, మోకాళ్లు వంచకుండా వెనక్కి రెండు మొగ్గలు మాత్రం వేసి దిగింది. 14.000 పాయింట్లు, కంచు పతకం.